నేతిగిన్నె

మా బంధువుల్లో ఎవరింట పెళ్ళయినా సరే, బంతిలో నెయ్యి వడ్డించే మనిషి దగ్గరికొచ్చేసరికి ఎవరో ఒకరు నా వైపు చూసి నవ్వుతారు. "మీ పలకోడు గుర్తున్నాడా?" అంటారు. నలభై ఏళ్ళు దాటింది. ఆ కథని ఊరూరా చెప్పిన మా నాయనమ్మ పోయే పాతికేళ్ళయింది. కథ మాత్రం పోలేదు. మార్కాపురం మొహం ఎప్పుడూ చూడని మా పిన్ని కోడళ్ళకి కూడా తెలుసు.

నాన్న బ్యాంకులో క్యాషియర్. నాకు ఏడేళ్ళప్పుడు మార్కాపురానికి బదిలీ అయింది. గుంటూరు నుంచి మీటర్ గేజి రైల్లో వెళ్ళాం. మార్కాపూర్ రోడ్ స్టేషన్‌లో దిగేసరికి బొగ్గు నలుసులు పడి అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ప్రకాశం జిల్లాలో ఒంగోలు వైపు ఉండే పొగాకు డబ్బు, సముద్రపు గాలి ఇటు రావు. ఎండ, రాయి, ఉప్పగా అనిపించే బోరు నీళ్ళు. ఊరి మధ్య చెన్నకేశవస్వామి గుడి. ఊరి చుట్టూ పలకల ఫ్యాక్టరీలు.

ఆ రోజుల్లో ఓనమాలు దిద్దిన చాలామంది ఒళ్ళో ఉన్నది మార్కాపురం పలకే అయి ఉంటుంది. గనుల్లోంచి తెచ్చిన నల్లరాయిని పొరలు పొరలుగా చీల్చి, కొలతకి కోసి, నున్నగా అరగదీసి, చెక్క చట్రం బిగించి, మూలలకి రేకు కొట్టేవాళ్ళు. బయటినుంచి వినడానికి బాగుంటుంది. లోపల పనిచేసేవాళ్ళు సాయంత్రం ఇళ్ళకి పోతుంటే మనుషులు నడుస్తున్నట్టుండేది కాదు, బూడిద నడుస్తున్నట్టుండేది. జుట్టు, కనుబొమ్మలు, చెవుల మీద నూగు, అన్నీ ఒకటే రంగు. వాళ్ళు ఆగకుండా దగ్గుతుంటే మేం అది వాళ్ళ అలవాటనుకునేవాళ్ళం.

మా క్లాసులో ఒకడుండేవాడు. వాళ్ళ నాన్న పలకలు కోసేవాడు. వాడి అసలు పేరు హాజరుపట్టీలో మటుకే ఉండేది, మాకు వాడు పలకోడు. తమాషా ఏంటంటే క్లాసు మొత్తానికి చట్రం ఉన్న పలక లేనిది వాడొక్కడికే. ఫ్యాక్టరీలో విరిగి పారేసిన ముక్క ఒకటి, మూడు మూలలది, అంచులు నేలకేసి అరగదీసుకుని తెచ్చుకునేవాడు. లెక్క పెద్దదైతే దాని మీద పట్టేది కాదు. సగం చేసి, గుర్తుపెట్టుకుని, తుడిచేసి, మిగతా సగం చేసేవాడు. అందుకేనేమో నోటిలెక్కల్లో వాడి ముందు ఎవరూ నిలిచేవాళ్ళు కాదు. నేను వాడి పక్కనే కూర్చునేదాన్ని. స్నేహం అనే మాట కొంచెం పెద్దదేమో. నా బలపాలు వాడికి, వాడి లెక్కలు నాకు.

1983 ఏప్రిల్. ఒంటిపూట బడులు. నాన్న భోజనానికి ఇంటికొస్తూ దారిలో మమ్మల్ని చూశాడు. వాడు తారురోడ్డు మీద నడవలేక, చెట్టునీడ నుంచి చెట్టునీడకి పరుగెత్తి, ఒక్కో నీడలో కాసేపు ఒంటికాలి మీద నిలబడి, మళ్ళీ పరుగెత్తుతున్నాడు. వాడికి చెప్పుల్లేవు. నేనేమో చెప్పులేసుకుని నింపాదిగా నడుస్తూ ఆ గెంతులు చూసి నవ్వుతున్నాను. నాన్న సైకిలాపి "ఎండ తగ్గాక పోదువుగానిలేరా, మా ఇంట్లో అన్నం తిని పో" అన్నాడు. బళ్ళో నన్ను 'ఏమే' అని పిలిచేవాడు, మా గడపలో అడుగుపెట్టాక ఆ పూటంతా నన్ను అసలు పిలవనే లేదు.

వసారాలో రెండు విస్తళ్ళు వేసింది అమ్మ. నాన్న లోపల తిన్నాడు. వాడితో పాటు బయటే కూర్చుంటానని నేనే మారాం చేశాను. అన్నం, ముద్దపప్పు, దోసకాయ పచ్చడి వడ్డించి, నేతిగిన్నె మా ఇద్దరి మధ్య పెట్టి అమ్మ లోపలికెళ్ళింది. ఏప్రిల్ ఎండకి నెయ్యి పేరుకోదు కదా, పల్చగా, పసుప్పచ్చగా, పప్పుమీది తేటలా ఉంది. వాడు ఆ గిన్నె ఎత్తి, మొత్తం అన్నం మీద ఒంపేసుకున్నాడు. పులుసు పోసుకున్నట్టు.

"అమ్మో! నెయ్యంతా పోసేసుకున్నాడే!" అని నేను అరిచాను. మామూలుగా కాదు, వీధిలోకి వినిపించేలా. నాయనమ్మ లోపల్నుంచి వచ్చి చూసింది. చూసి, గుమ్మం పట్టుకుని, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ నవ్వుతోందని నేను ఇంకా నవ్వాను. అమ్మ గిన్నెలో అన్నం తెచ్చి "ఇంకాస్త కలుపుకో నాయనా, వెగటేస్తుంది" అని వాడి విస్తట్లో పెట్టింది. వాడు తల ఎత్తలేదు. మొత్తం తిన్నాడు. ఆకులో ఒక్క మెతుకు లేదు. మోచేతి దాకా కారిన నెయ్యి నాకాలా, తుడుచుకోవాలా తెలీక చెయ్యి అలాగే గాల్లో పట్టుకుని ఉన్నాడు.

మా వాళ్ళు చెప్పే కథ ఇక్కడితో అయిపోతుంది.

తర్వాత పదేళ్ళకి డిగ్రీలో ఉండగా విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' కొన్నాను. అట్ట సగం చిరిగింది, పదిహేను రూపాయలు. పక్షుల గురించేమో అనుకుని కొన్నానంటే నవ్వకండి. అమెరికాలో అలబామా రాష్ట్రం, మేకాంబ్ అనే చిన్న ఊరు, 1930ల కరువు రోజులు. హార్పర్ లీ తను పుట్టిన మన్రోవిల్ ఊరిని మనసులో పెట్టుకుని రాసింది. 1960లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ బహుమతి వచ్చింది, 1962లో గ్రెగరీ పెక్‌తో సినిమా. చేయని నేరానికి ఇరుక్కున్న నల్లవాడు టామ్ రాబిన్సన్, అతని తరఫున వాదించి ఓడిపోయే తెల్ల లాయరు ఆటికస్, అదంతా చూసే ఆయన కూతురు స్కౌట్. దాని గురించి మాట్లాడేవాళ్ళందరూ కోర్టు గురించే మాట్లాడతారు. నేను కోర్టు దాకా వెళ్ళడానికి చాలా రోజులు పట్టింది. మూడో అధ్యాయంలోనే ఆగిపోయాను.

స్కౌట్ బడికెళ్ళిన మొదటి రోజు. క్లాసులో వాల్టర్ కన్నింగ్‌హామ్ అనే పేద రైతు కొడుకు. కాళ్ళకి చెప్పుల్లేవు, మధ్యాహ్నానికి తిండి తెచ్చుకోలేదు. ఊరికి కొత్తగా వచ్చిన టీచరమ్మ పావలా లాంటి బిళ్ళ ఇవ్వబోతే తీసుకోడు. తిరిగి ఇవ్వలేనిది కన్నింగ్‌హాములు తీసుకోరు. వాళ్ళ నాన్న ఆటికస్‌కి లాయరు ఫీజు కట్టలేక కట్టెలు, అడివికాయలు, ఆకుకూరలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయే రకం. స్కౌట్ అన్న జెమ్ ఆ అబ్బాయిని భోజనానికి తీసుకొస్తాడు. ఆటికస్ వాడితో పంటల గురించి పెద్దమనిషితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. వాడు బెల్లప్పాకం లాంటిదేదైనా ఉందా అని అడిగి, అది తెచ్చి పెట్టాక కూరల మీద, మాంసం మీద, అన్నిటి మీదా ధారగా పోసుకుంటాడు. ఇదేం పనని స్కౌట్ అరుస్తుంది. వాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని తల దించేస్తాడు.

నేను పుస్తకం మూసి హాస్టల్ వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. అక్కడెక్కడో సముద్రాల అవతల రాసిన పుస్తకంలో నా అరుపు నాకు వినిపించింది.

తర్వాత జరిగేది మా ఇంట్లో జరగలేదు. ఆ ఇంట్లో వంటచేసే నల్లజాతి ఆవిడ కాల్పూర్నియా స్కౌట్‌ని వంటింట్లోకి పిలిచి నిలదీస్తుంది. ఈ ఇంట్లో కాలుపెట్టిన వాళ్ళెవరైనా నీ చుట్టాలే, ఆ పిల్లాడు బల్లమీద గుడ్డ తింటానన్నా తిననివ్వాలి, నువ్వేదో గొప్పదానివన్నట్టు వాళ్ళ తీరు మీద వ్యాఖ్యానాలేంటి అని. అని ఊరుకోదు, ఒక్కటి తగిలించి, బల్ల దగ్గర ఎలా ఉండాలో తెలియకపోతే వంటింట్లోనే కూర్చుని తినమంటుంది.

ఆ రోజు నన్ను ఎవరో ఒకరు జుట్టు పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకెళ్ళి ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది. అమ్మ ఆ పని చేసేదేమో, నాయనమ్మ అక్కడ లేకపోతే. అత్తగారు నవ్వుతుంటే కోడలు కూతుర్ని కొట్టలేదు కదా. అందుకే ఇంకాస్త అన్నం తెచ్చింది. ఆవిడ చేయగలిగింది అంతే. అది తక్కువేమీ కాదని ఇప్పుడనుకుంటాను.

ఆ నవల నుంచి అందరూ పదేపదే చెప్పే మాట ఇంకోటుంది. ఎదుటివాడి చర్మంలో దూరి తిరిగి చూస్తే తప్ప వాడు అర్థం కాడని ఆటికస్ కూతురికి చెప్తాడు. మంచి మాటే. కానీ అది సాయంత్రం ఇంటిముందు ఊయలబల్ల మీద కూర్చుని చెప్పిన మాట. నాకు మధ్యాహ్నం స్కౌట్‌కి తగిలిన దెబ్బే ఎక్కువ నచ్చింది. మార్కాపురం తారురోడ్డు మీద ఎవడి చర్మంలోనూ దూరక్కర్లేదు, చెప్పులు విప్పి పది అడుగులు వేసుంటే చాలు. నేను వెయ్యలేదు.

రెండోసారి చదివినప్పుడు కాల్పూర్నియా దగ్గర ఇంకోటి గుచ్చుకుంది. స్కౌట్‌కి శిక్షగా వేసిన చోటు వంటిల్లు. కాల్పూర్నియా బతుకంతా గడిచేది అక్కడే. ఆవిడకది శిక్షని ఎవరూ అనుకోరు. జెమ్‌కి పన్నెండేళ్ళు వచ్చాయో లేదో, తను ఎత్తుకుని పెంచిన పిల్లాణ్ణే ఆవిడ 'మిస్టర్ జెమ్' అనడం మొదలుపెడుతుంది. ఇది చదివి తెలుగువాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. మనకి నువ్వు, మీరు, ఏమయ్యా, గారు అన్నీ తూకంరాళ్ళలా సిద్ధంగా ఉంటాయి. మనిషిని చూడగానే చెయ్యి దానంతటదే సరైన రాయి మీదికి పోతుంది. మా నాన్న కన్నా పెద్దవాళ్ళయిన పలకల పనివాళ్ళని నేను ఎనిమిదేళ్ళకే 'నువ్వు' అనేదాన్ని. ఎవరూ నేర్పలేదు, ఎవరూ ఆపలేదు.

పలకోడి వాళ్ళ నాన్న ఒకసారి కొడుకుని వెతుక్కుంటూ మా ఇంటికొచ్చాడు. నాన్న "రండి, కూర్చోండి" అన్నాడు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాల ఇంకెవరో వచ్చారనుకుని. ఎవరూ లేకపోయేసరికి కూర్చోలేదు సరికదా, నాన్న మొహంలోకి అనుమానంగా చూశాడు. ఈ అనుమానం నాకు మళ్ళీ నవల్లోనే ఎదురైంది. టామ్ మీద అబద్ధపు సాక్ష్యం చెప్పే మాయెల్లా, ఊరి చెత్తకుప్ప పక్కన బతికే అమ్మాయి, పెచ్చులూడిన పాత ఎనామిల్ పాత్రల్లో ఎర్ర పూలమొక్కలు పెంచుకునే అమ్మాయి. కోర్టులో ఆటికస్ మర్యాదగా 'మిస్ మాయెల్లా' అని పిలిస్తే తనని వెక్కిరిస్తున్నాడని మండిపడుతుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమెనెవరూ అలా పిలిచి ఉండరు. మొదటిసారి చదివినప్పుడు ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తుంది. కోపం, ఆ పూలమొక్కలు రెండూ కలిసే గుర్తొస్తాయి.

మేమేదో కలిగినవాళ్ళమని కాదు. మాది రెండు గదుల అద్దెకొంప. ఫ్యాక్టరీ యజమాని ఒకాయన ఇంట్లో వ్రతానికి పిలిస్తే అమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుని వెళ్ళింది. వాళ్ళావిడ ఆ చీర అంచు వేళ్ళతో పట్టుకుని చూసి, నవ్వి, వదిలేసింది. ఇంటికొచ్చేదాకా అమ్మ మాట్లాడలేదు. ఆ చీర మళ్ళీ ఆ ఊళ్ళో కట్టలేదు. మనుషులు నాలుగు రకాలని జెమ్ లెక్కలు వేస్తాడు, తమలాంటి వాళ్ళు, అడివి దగ్గర కన్నింగ్‌హాములు, చెత్తకుప్ప పక్కన ఉండేవాళ్ళు, నల్లవాళ్ళు అని, ఒకరంటే ఒకరికి పడదని. మనుషులంతా ఒకటే రకమని స్కౌట్ అంటుంది. నీ వయసులో నేనూ అలాగే అనుకున్నానంటాడు జెమ్. వాడికప్పటికి పదమూడేళ్ళు కూడా నిండలేదు. మన ఊళ్ళకొచ్చి లెక్కేస్తే నాలుగుతో సరిపోదు, కులం, డబ్బు ఏ గడప దగ్గర ఏది ముందు నడుస్తుందో చెప్పడం వాడి తరం కాదు. మా వసారా సంగతే తీసుకోండి. వాణ్ణి బయట కూర్చోబెట్టింది పేదవాడనా, మరొకందుకా? ఇంట్లో ఎవరూ అడగలేదు. అందరికీ తెలిసిన దాన్ని ఎవరడుగుతారు?

ఆ భోజనం అయిన నాలుగో రోజు పొద్దున్నే మా గుమ్మంలో కొత్త పలక ఉంది. ఎర్రరంగు చట్రం, నాలుగు మూలలా మెరిసే రేకు, ఒక పక్క గీతలు. అప్పుడు మా తమ్ముడికి మూడేళ్ళు, అక్షరాభ్యాసానికి ముహూర్తం చూస్తున్నారు. "ఫ్యాక్టరీలో ఎత్తుకొచ్చుంటాడు" అంది నాయనమ్మ. ఎవరో అభిమానంతో ఇచ్చారనుకుని నాన్న ఊరుకున్నాడు. దాని మీదే తమ్ముడు ఓనమాలు దిద్దాడు. కన్నింగ్‌హాముల కట్టెలు, ఆకుకూరల గురించి చదివినప్పుడు గానీ ఆ పలక ఏంటో నాకు తట్టలేదు. అది నేతి బాకీ. తిరిగి కట్టేశారు. ఇంక ఆ పిల్లాడు మా ఇంటి వైపు రాలేదు. జూన్‌లో బడి తెరిచాక క్లాసులో కూడా లేడు. ఫ్యాక్టరీలో చట్రాలకి మేకులు కొట్టే పనిలో పెట్టారని ఎవరో అన్నారు. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది ఆ ఏడే, వాళ్ళింట్లో రోజూ వరన్నం మొదలైందేమో. మరుసటేడు మాకు మళ్ళీ బదిలీ.

నవల్లో వాల్టర్‌కి మా వాడికన్నా మంచి చోటు దొరికింది. జైలు ముందు గుంపు టామ్‌ని చంపడానికొచ్చినప్పుడు స్కౌట్ ఆ గుంపులో వాల్టర్ వాళ్ళ నాన్నని గుర్తుపట్టి, మీ వాడు నా క్లాసే, ఒకసారి మా ఇంట్లో అన్నం తిన్నాడు అని కబుర్లు మొదలుపెడితే, ఆయన కాసేపటికి గుంపుని వెనక్కి తీసుకుపోతాడు. అదే స్కౌట్ తర్వాత వాల్టర్‌ని మళ్ళీ ఇంటికి పిలుస్తానంటే మేనత్త అలెగ్జాండ్రా వాణ్ణి చెత్త అంటుంది, కుదరదంటుంది. నాయనమ్మ పోలికలన్నీ ఆవిడలోనే చూశాను. నాయనమ్మంటే నాకు ప్రాణం, ఆ సంగతి కూడా ఇక్కడే రాయాలి.

2015లో హార్పర్ లీ రెండో పుస్తకం వచ్చింది. అందులో పెద్దవాడైన ఆటికస్ నల్లవాళ్ళతో సమానంగా ఉండటానికి ఒప్పుకోని మనిషిగా కనిపిస్తాడు. చాలామంది గుండె పగిలినట్టు మాట్లాడారు. నాకంత బాధ వెయ్యలేదు. "రండి, కూర్చోండి" అన్న మా నాన్నే, ఆ పిల్లాడి విస్తరి లోపల వెయ్యమని మాత్రం అనలేదు.

మొన్న సంక్రాంతికి పెళ్ళి ఒకటి తగిలింది. నెయ్యి వచ్చింది, కథ వచ్చింది. మా అమ్మాయి మొదటిసారి పూర్తిగా విని అందరితో పాటు నవ్వింది. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం అడిగింది, "తిన్నాక ఆ అబ్బాయి ఏం చేశాడమ్మా?" అని. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

తిన్నాక వాడు తన విస్తరి మడిచి, ఎవరూ చెప్పకుండానే, దాన్ని పట్టుకెళ్ళి పెంటకుప్ప మీద వేసొచ్చాడు. బయట తొట్లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి తను కూర్చున్న చోట చల్లి, అరచేత్తో తుడిచాడు. నెయ్యి జిడ్డు పోలేదని మళ్ళీ నీళ్ళు తెచ్చాడు, మట్టి వేసి రుద్దాడు. నెయ్యి ఎంత వేసుకోవాలో తెలియని వాడికి మా లాంటి ఇళ్ళల్లో తిన్నాక చెయ్యాల్సిందంతా తెలుసు. నేను అంతా చూస్తూ పక్కనే కూర్చున్నాను, చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా.

"మరి నీ ఆకు?" అంది మా అమ్మాయి.

అక్కడే ఉంది. అమ్మ తీసింది.